విదేశీ విద్యార్థితో రొట్టెల పండుగకు: ఆతిథ్య కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మార్పిడి విద్యార్థులను (ఎక్స్చేంజ్ కార్యక్రమం కింద వచ్చిన విదేశీ పిల్లలను) ఇంట్లో ఉంచుకున్న కుటుంబాల కోసం ఈ పేజీ. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు ఒక రోజు వెళ్లి రావడానికి కావలసిన సంగతులు ఇందులో ఉన్నాయి. దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో దిగి, ఒక్కో కోరిక పేరుతో రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే పండుగ ఇది. మీరు ఏటా వెళ్లేవాళ్లే అయినా బట్టలు, చెరువు, రొట్టె తినడం గురించిన జవాబులు ఒకసారి చదవండి. మనకు అలవాటైపోయి కనిపించని ఇబ్బందులు కొత్తవాళ్లకు అక్కడే ఎదురవుతాయి.

ఇన్ని పండుగలుండగా ఈ రద్దీలోకే ఎందుకు తీసుకెళ్లాలి?

సంక్రాంతికో వినాయక చవితికో ఇంటికొచ్చిన విదేశీ పిల్లలు చాలావరకు కూర్చుని చూస్తారు. పూజ మనం చేస్తాం, వాళ్లు ఫోటో తీస్తారు, పులిహోర తింటారు, అంతే. రొట్టెల పండుగలో చూసేవాళ్లకూ చేసేవాళ్లకూ మధ్య గీత లేదు. నీళ్లలో దిగి, తనకేం కావాలో నోరు తెరిచి అడిగి, ముక్కూ మొహం తెలియని మనిషి చేతి నుంచి రొట్టె అందుకోవాలి. భాష రాని పిల్ల కూడా రెండు మాటలతో ఆ పని చేసేయగలదు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒకే నీళ్లలో నిలబడతారు కాబట్టి మతం గురించి పెద్ద ఉపన్యాసమూ అక్కర్లేదు.

జనంలో ఊపిరాడనట్టు అనిపించే పిల్లలకు మాత్రం ఇది సరైన రోజు కాదు. ముందే అడగండి, మొహమాటపెట్టకండి.

ఎప్పుడు వస్తుంది? అయిదు రోజుల్లో ఏ రోజు మంచిది?

ముహర్రం నెల పదో రోజు ప్రాంతంలో మొదలై అయిదు రోజులు జరుగుతుంది. 2024లో జూలై 17 నుంచి 21 వరకు, 2025లో జూలై 6 నుంచి 10 వరకు జరిగింది. చాంద్రమాన లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో జూన్ చివరి వారంలో పడుతుంది. నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు కనుక జిల్లా అధికారుల ప్రకటన వచ్చాకే టికెట్లు కొనండి.

దీనివల్ల ఒక చిక్కుంది. ఏడాది కార్యక్రమం మీద వచ్చే విద్యార్థులు సాధారణంగా జూలై, ఆగస్టుల్లో దిగి మళ్లీ వేసవికి వెళ్లిపోతారు. రాబోయే ఏళ్లలో పండుగ సరిగ్గా వాళ్లు పెట్టెలు సర్దుకునే వారానికి వస్తుంది. తిరుగు ప్రయాణం తేదీ ఖరారు చేయకముందే మార్పిడి కార్యక్రమం కోఆర్డినేటర్‌తో మాట్లాడండి. వేసవి సెలవుల్లో నాలుగైదు వారాలకని వచ్చే పిల్లలకైతే బాగా కలిసొస్తుంది.

రోజు విషయానికొస్తే, గంధ మహోత్సవం (గంధాన్ని ఊరేగింపుగా దర్గాకు తెచ్చే వేడుక) జరిగే రాత్రి, ఆ మర్నాడు రద్దీ బాగా ఎక్కువ. గంధం రాత్రి చూడాల్సిందే, కానీ మొదటిసారి వచ్చిన విదేశీ పిల్లతో కాదు. ఆ తోపులాటలో చెయ్యి పట్టుకుని నడవడమే కష్టం. మొదటి రోజు గానీ నాలుగో రోజు గానీ పెట్టుకోండి. రొట్టెలు మార్చుకోవడం అన్ని రోజులూ సాగుతుంది, ఏ రోజు తీసుకున్నా తేడా లేదు. తెల్లవారి అయిదున్నర, ఆరు గంటలకల్లా చెరువు దగ్గరుంటే ఎనిమిదిన్నరకు దర్గా దర్శనం కూడా అయిపోతుంది. తొమ్మిది దాటితే ఎండ, పది దాటితే ఎండతో పాటు జనం.

కథ ఏమని చెప్పాలి?

నెల్లూరులో చెప్పుకునేది చెప్తే చాలు. గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో పన్నెండు మంది వీరులు అమరులయ్యారు. వాళ్ల తలలు అక్కడే తెగిపడితే మొండేలను గుర్రాలు నెల్లూరు చెరువు గట్టుకు తెచ్చాయట. ఆ పన్నెండు సమాధులే దర్గాలో ఉన్నవి. చాకలి దంపతులు ఓ రాత్రి గట్టు మీద నిద్రపోతే అమరులు కలలోకి వచ్చి, ఆర్కాటు నవాబు భార్య జబ్బుకు తమ సమాధి మట్టి మందని చెప్పారంటారు. ఆమెకు నయమయ్యాక నవాబు కృతజ్ఞతగా ఇక్కడికొచ్చి రొట్టెలు పంచాడని, ఆ ఆనవాయితీయే ఇప్పటికీ నడుస్తోందని చెబుతారు. ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా చెబుతారు. అదీ చెప్పండి, పిల్లలకు అది ఇంకా నచ్చుతుంది. రాష్ట్ర ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించిందన్న మాట కలిపితే సరిపోతుంది.

వాళ్లకు వేరే నమ్మకం ఉన్నా, అసలు దేవుడంటే నమ్మకం లేకపోయినా?

చెరువులో ఎవరూ మతం అడగరు. కానీ మొక్కుకోవడం ఇష్టం లేని విద్యార్థిని "ఊరికే ఒకటి తీసుకో అమ్మా, ఏం పోతుంది" అని బతిమాలడం మన అలవాటు. అది వద్దు. మూడు మార్గాలున్నాయి: నీళ్లలో దిగి రొట్టె తీసుకోవడం, నీళ్లలో దిగి మీ పక్కన నిలబడటం, కట్ట మీద నుంచి చూడటం. ముందురోజు రాత్రే అడిగి తెలుసుకోండి. అక్కడికి వెళ్లాక అడిగితే నలుగురిలో కాదనలేక తలూపుతారు.

ముందుగా ఎవరెవరికి చెప్పాలి?

కోఆర్డినేటర్‌కు వారం ముందు రాతపూర్వకంగా చెప్పండి: తేదీ, వెళ్లే వాహనం, వెంట ఉండే పెద్దలు, తిరిగొచ్చే సమయం. నీళ్లలో దిగడం ఉంటుందన్న మాట విడిగా రాయండి. కొన్ని కార్యక్రమాల్లో చెరువులు, సముద్రం దగ్గరికి వెళ్లాలంటే కన్న తల్లిదండ్రుల అనుమతి వేరే కావాలి. రోటరీ యువ మార్పిడి కింద వచ్చిన పిల్లలు మోటారు వాహనం నడపకూడదు. మన వీధి చివరి దాకానే అయినా స్కూటీ తాళం ఇవ్వకండి.

రాత్రి నెల్లూరులో చుట్టాలింట్లో పడుకోవాలనుకుంటే ఇంకో పని ఉంది. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో అధికారులకు తెలపాలన్న నిబంధన హోటళ్లకే కాదు, ఇళ్లకూ వర్తిస్తుంది. ఫారం సి అని చాలామందికి తెలిసింది అదే. మీ ఇంటి చిరునామాతో ఒకసారి చేశాం కదా అని చుట్టాలింటికి చేయకుండా వదిలేస్తారు. ఒక్క రాత్రి కోసం ఆ తంటా ఎందుకనిపిస్తే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి.

ఏయే రొట్టెలుంటాయి? మార్చుకునే పద్ధతేంటి?

చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె, ధనం రొట్టె, విదేశీ రొట్టె. ఏటా కొత్త కోరికలు కూడా పుట్టుకొస్తుంటాయి. విదేశీ రొట్టె అంటే బయటి దేశం వెళ్లాలనుకునేవాళ్లు తీసుకునేది. బయటి దేశం నుంచి వచ్చిన పిల్ల దాని ముందు నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, అది ఎగతాళి కాదు, సరదా. విద్యార్థులకు చదువు రొట్టె బాగుంటుంది.

లెక్క ఇదీ. గత ఏడాది రొట్టె తీసుకుని కోరిక తీరినవాళ్లు ఈ ఏడాది అదే పేరు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకు ఇస్తారు. మొదటిసారి వచ్చినవాళ్లు తీసుకోవడమే, ఇవ్వాల్సింది ఏమీ లేదు. చేసే తీరు:

1. తల మీద చున్నీ గానీ చేతిరుమాలు గానీ కప్పుకుని మెట్ల మీదుగా దిగాలి. మోకాలి లోతు చాలు.
2. ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో తెలిపే బోర్డులు చూసుకోవాలి. బోర్డు కనపడకపోతే చెవి పెడితే సరి. ఇచ్చేవాళ్లు "చదువు రొట్టె, చదువు రొట్టె" అని కేకేస్తుంటారు.
3. "చదువు రొట్టె ఉందా అన్నా?" "ఉందా అక్కా?" అని అడగాలి. ఈ ఒక్క వాక్యం ముందురోజు పదిసార్లు పలికించండి.
4. రెండు చేతులతో అందుకోవాలి. ఎడమ చెయ్యి ఒక్కటే చాచవద్దని ముందే చెప్పండి, చాలా దేశాల్లో ఆ పట్టింపు లేదు.
5. కళ్లకద్దుకుని, మనసులో కోరిక అనుకుని, ఓ ముక్క తినాలి.
6. గట్టెక్కి, పొడి బట్టలు మార్చుకుని, దర్గాకు వెళ్లాలి.

తేలికగా జరిగే పొరపాటు: దొరికిన రొట్టెలన్నీ తీసేసుకోవడం. కొత్తవాళ్లు చెయ్యి చాపితే ప్రేమగా నలుగురూ నాలుగు పెడతారు. ఒక కోరిక, ఒక రొట్టె అని ముందే అనుకోండి. ఇచ్చేవాళ్లు అడిగితే ఓ మాట చెప్పడం మర్యాద: "మా ఇంట్లో ఉండి చదువుకుంటోందమ్మా". ఆ మాటతో చాలామంది రొట్టెతో పాటు ఆశీర్వాదమూ ఇస్తారు.

ఇంట్లో రొట్టెలు చేసుకెళ్లాలా?

మీ ఇంట్లో ఎవరికైనా మొక్కు తీరి ఉంటేనే. లేకపోతే అవసరం లేదు. చెరువు కట్ట మీద వేడివేడిగా కాల్చి అమ్ముతారు కూడా. అయితే ముందురోజు విద్యార్థితో కలిసి చేయడం మంచి కాలక్షేపం, పిండి పిసకడంలో మొహమాటం పోతుంది.

కిలో గోధుమపిండికి రెండు చెంచాల ఉప్పు, సుమారు 600 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు ఒక్కసారిగా పోయకండి, పిండిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. అరగంట తడిబట్ట కప్పి నాననిస్తే 30 నుంచి 35 రొట్టెలవుతాయి. ఇంట్లో తినే చపాతీ కంటే కాస్త మందంగా వత్తండి. పల్చటిది తడిచేతుల్లో చిరిగిపోతుంది. కాల్చినవి పళ్లెంలో విడివిడిగా ఆరనిచ్చి, పాత నూలు గుడ్డలో చుట్టి, ఆ తర్వాతే డబ్బాలో పెట్టాలి. వేడి మీద ప్లాస్టిక్ కవర్లో వేస్తే ఆవిరి నీరై, పొద్దుటికి ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. ఎన్ని తేవాలన్న దానికి నియమం లేదు, పదో ఇరవయ్యో తెస్తే పావుగంటలో అయిపోతాయి.

వచ్చే ఏడాది వాళ్లు ఇక్కడ ఉండరు కదా. తీసుకున్న రొట్టె తిరిగి ఎలా ఇస్తారు?

విద్యార్థులే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. బాకీ పడిపోతామేమోనని కొందరు వెనకాడతారు కూడా. కోరిక తీరిందని వాళ్లు కబురు చేస్తే వాళ్ల తరఫున మీరు ఇవ్వవచ్చు. అమెరికాలో ఉన్న కొడుకు కోసం, దుబాయ్‌లో ఉన్న అల్లుడి కోసం తల్లులు, అత్తలు తెచ్చే రొట్టెలు ఏటా చెరువులో ఉంటూనే ఉంటాయి. ఇచ్చేటప్పుడు వీడియో కాల్ చేయాలని చూడకండి. ఆ జనంలో సిగ్నల్ అందదు, ఫోన్ నీళ్లలో పడుతుంది. ఫోటో ఒకటి పంపితే చాలు. కోరిక తీరకపోతే ఇవ్వాల్సిన పని లేదు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు.

ఏ బట్టలు వేయించాలి?

అమ్మాయిలకు ముదురు రంగు చుడీదార్, రెండున్నర మీటర్ల చున్నీ. తెలుపు, లేత రంగులు వద్దే వద్దు, తడిస్తే లోపలివి కనపడతాయి. విదేశీ పిల్లలకు మన పండుగంటే తెల్ల కుర్తా అని ఓ అభిప్రాయం ఉంటుంది, దాన్ని దసరాకు దాచిపెట్టమనండి. జీన్స్ కూడా పనికిరాదు. తడిస్తే బరువెక్కి కాళ్లకు అతుక్కుంటుంది, సాయంత్రం దాకా ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి. అబ్బాయిలకు మోకాళ్ల పైకి మడుచుకునే పల్చటి ప్యాంటు, తలకు చేతిరుమాలు లేదా టోపీ. లుంగీ ముచ్చటగా ఉంటుంది గానీ కట్టుకోవడం అలవాటు లేనివాళ్లకు నీళ్లలో లుంగీ ప్రమాదమే. జారితే రెండు చేతులూ దానికే పోతాయి.

చెప్పులు వెనక పట్టీ ఉన్న రబ్బరువి. హవాయి చెప్పులు బురదలో ఊడిపోయి తేలిపోతాయి. దర్గాలోకి వెళ్లేముందు ఎలాగూ వదిలేయాలి కాబట్టి ఖరీదైనవి తేకండి. బట్టలు మార్చుకోవడానికి గదులు, స్నానానికి జల్లులు ఏర్పాటు చేస్తారు, అయితే వరుస ఉంటుంది. ఒక పాత దుప్పటి ఉంటే ఇద్దరు పట్టుకుని అడ్డం పెట్టవచ్చు.

చెరువులో దిగడం క్షేమమేనా?

మెట్ల దగ్గర, మోకాలి లోతు వరకు, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని అయితే భయం లేదు. ప్రమాదం లోతు కంటే పాచి మెట్లతోనే ఎక్కువ. మూడో నాలుగో మెట్టు కనపడదు. కుడి కాలు ఆనించాక ఎడమ కాలు అని నెమ్మదిగా దిగాలి. ఈత బాగా వచ్చిన పిల్లలతోనే ఎక్కువ జాగ్రత్త. స్వర్ణాల చెరువును చూడగానే నాలుగు బారలు వేద్దామనిపిస్తుంది వాళ్లకు. ఈత లేదని ఖచ్చితంగా చెప్పండి. కట్టిన కంచె, తాడు దాటకూడదు.

కాళ్లకు పుండు, కోత, గోకిన దోమకాటు ఉంటే దిగనివ్వకండి. వేలమంది దిగిన నిలవనీళ్లలో పచ్చిపుండు ద్వారా లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు రావచ్చు. అలాంటప్పుడు మీరు దిగి రొట్టె తెచ్చి గట్టు మీద ఇవ్వండి. ఆ నీళ్లు నెత్తిన చల్లుకోవచ్చు గానీ పుక్కిలించడం, తాగడం వద్దు. బయటికొచ్చాక కాళ్లు సబ్బుతో కడిగించండి.

ఎవరో ఇచ్చిన రొట్టె తింటే కడుపు పాడవదా?

పొడిరొట్టె వల్ల రావడం తక్కువ, దాన్ని అందుకున్న తడిచేతుల వల్లే ఎక్కువ. ఇచ్చేవాళ్ల చేతులూ, పుచ్చుకునేవాళ్ల చేతులూ చెరువు నీళ్లలో మునిగినవే. వచ్చి నెల కాని పిల్లలకైతే వేలెడంత ముక్క, అదీ తడవని అంచు నుంచి తుంచి నోట్లో వేయండి. మిగిలింది శుభ్రమైన కవర్లో పెట్టి ఇంటికి తేవచ్చు. తినడమే ఇష్టం లేకపోతే కళ్లకద్దుకుని భద్రంగా పెట్టుకున్నా ఎవరూ తప్పు పట్టరు. కింద పారేయడం మాత్రం తప్పు.

గోధుమ పడనివాళ్లు అసలు తినకూడదు, ఒక్క ముక్క కూడా. పల్లీలు, నువ్వులు పడవని వాళ్ల ఆరోగ్య పత్రంలో ఉంటే రొట్టెతో పెట్టే తీపి ముట్టనివ్వకండి, అందులో ఏముందో తెలుసుకునే వీలు అక్కడ ఉండదు. అలర్జీ ఇంజెక్షన్ ఉన్న పిల్లలు దాన్ని కార్లో వదలకుండా వెంటే ఉంచుకోవాలి. ఎండలో నిలిపిన కార్లో మందు పాడవుతుంది కూడా.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు (లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపి తాగిస్తే మేలు కాదు, హాని), ఒక జత పొడి బట్టలు, తువ్వాలు, ఫోన్‌కు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు, చిన్న సబ్బు, చిల్లర. పాస్‌పోర్టు, వీసాల నకళ్లు పెట్టుకుని అసలువి ఇంట్లో బీరువాలో ఉంచండి. ఏటా చెరువులో చాలా వస్తువులు పోతుంటాయి, వాటిలో పాస్‌పోర్టు ఉండకూడదు.

జనంలో తప్పిపోతే?

మీ పేరు, రెండు ఫోన్ నంబర్లు, "నేను వీరి ఇంట్లో ఉంటున్న విద్యార్థిని, దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి" అన్న మాట తెలుగులో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పిల్ల మెడలో వేయండి. ఇంగ్లీషులో రాసిన కార్డు చదివేవాళ్ల కోసం వెతుక్కోవాలి. చెరువులో దిగేముందే ఒక గుర్తు చూపించండి: పోలీసు కంట్రోల్ రూమ్ గానీ, తప్పిపోయినవారి సమాచార కేంద్రం గానీ. టీ కొట్టు, బెలూన్లవాడు గుర్తులు కావు, మళ్లీ చూస్తే అక్కడ ఉండరు. తప్పిపోయిన పిల్ల అక్కడికెళ్లి కదలకుండా నిలబడాలి, వెతకడం మీ పని. ఇద్దరూ వెతుకుతూ తిరిగితే ఎప్పటికీ కలవరు. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108.

నెలసరి సమయమైతే?

ఇంట్లో ఆడవాళ్లు ముందుగా, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి. మీ ఇంటి పద్ధతి ఏమిటో, దర్గాలో ఏమనుకుంటారో చెప్పి, కట్ట మీద ఉండటమా, మరో రోజు వెళ్లడమా ఆ పిల్లనే తేల్చుకోనివ్వండి. మగవాళ్ల ముందు, బంధువుల ముందు ఆ ప్రస్తావన తేకండి.

ఫోటోలు తీసుకోవచ్చా? ఊళ్లోవాళ్లు చుట్టూ మూగి సెల్ఫీలు అడిగితే?

కట్ట మీద నుంచి చెరువంతా కనిపించేలా తీసుకోవచ్చు. తడిబట్టలతో ఉన్న ఆడవాళ్లవి, స్నానం చేసేవాళ్లవి, ఏడుస్తూ మొక్కుకునేవాళ్లవి తీయకూడదు. దర్గా లోపల ముజావర్లను (దర్గా సేవకులను) అడిగాకే, ఎంతవరకు వెళ్లవచ్చన్నదీ వాళ్లు చెప్పినట్టే. డ్రోన్ తెచ్చుకున్న పిల్లాడుంటే ఇంట్లోనే పెట్టించండి.

సెల్ఫీల గొడవ ఖాయంగా వస్తుంది. ఒకరికి ఒప్పుకుంటే వరుస మొదలవుతుంది, పావుగంట తర్వాత పిల్ల ముఖంలో అలసట కనపడుతుంది. కాదనాల్సింది వాళ్లు కాదు, మీరు. "పాప అలిసిపోయింది బాబూ, పోనీండి" అని నవ్వుతూ మధ్యలో నిలబడితే మనవాళ్లు వింటారు. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే నవ్వు అక్కర్లేదు, పక్కనే పోలీసులుంటారు.

ఒంగోలు వైపు నుంచి ఎలా రావాలి?

జాతీయ రహదారి 16 మీద ఒంగోలు నుంచి నెల్లూరు సుమారు 120 కిలోమీటర్లు, రెండు గంటల పైమాటే. తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరాలి. అది కుదరదనుకుంటే రైలు మేలు, విజయవాడ–చెన్నై మార్గంలో చాలా బండ్లు రెండు చోట్లా ఆగుతాయి. కారైతే దర్గా ఉన్న దర్గామిట్ట లోపలికి రానివ్వరు. వాహనాలు ఎక్కడ నిలపాలో పోలీసులు ఏటా ప్రకటిస్తారు, పోయినేడు నిలిపిన చోటే ఈ ఏడు ఉంటుందనుకోకండి. అక్కడి నుంచి నడక ఉంటుంది. పొద్దున పూట ఆ నడక హాయిగానే ఉంటుంది, తిరుగు నడక పదకొండు గంటల ఎండలో పడకుండా చూసుకోండి.

మధ్యాహ్నం భోజనంలో చేపల పులుసు పెట్టవచ్చా?

నెల్లూరు దాకా వచ్చి పెట్టకపోతే ఎలా? దర్గాకు వెళ్లొచ్చాకే నీచు తినే ఇళ్లలో ఎలాగూ అది మధ్యాహ్నానికే వస్తుంది. ముందురోజు సాయంత్రమే వండి పెట్టుకుంటే పులుసు ముక్కకు పడుతుంది, మీకూ వంటింటి పని తప్పుతుంది.

అసలు సమస్య ముల్లు. చేపను ముళ్లతో తినడం చాలామంది విదేశీ పిల్లలకు తెలియదు. బొచ్చె, శీలావతిలో కండలోకి చొచ్చుకుపోయిన సన్నముళ్లుంటాయి. కొరమీను గానీ వంజరం గానీ తీసుకుంటే నడుమ ముల్లు తీసేసి పెట్టవచ్చు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్ర వేట నిషేధం కాబట్టి, పండుగ జూన్‌లో పడే ఏళ్లలో వంజరం అప్పుడే మళ్లీ బజారుకు వస్తూ ఉంటుంది. తాజాదా, ఐసులో మాగిందా అన్నది మొప్పలు ఎత్తి చూసి కొనండి.

కిలో చేపకు మనం మూడు పెద్ద చెంచాల కారం వేస్తే, వాళ్ల కోసం ఒకటిన్నర. ఇక్కడ పొరపాటు జరుగుతుంది: కారం తగ్గించి చింతపండు అలాగే ఉంచుతారు, పులుసు పళ్లు జివ్వుమనేంత పుల్లనవుతుంది. రెండు నిమ్మకాయలంత చింతపండుకు బదులు ఒకటింబావు చాలు, పులుసులో వేసే మామిడికాయ పుల్లనిదైతే ఇంకా తగ్గించండి. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పాలి. ముక్క విరిగితే ముల్లు పులుసులో కలిసిపోతుంది, అప్పుడు ఎవరికి ఏ ముద్దలో వస్తుందో చెప్పలేం. పక్కన పెరుగన్నం ఉంచండి. ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించడం మన చిట్కా, కానీ అది ముల్లును ఇంకా లోతుకు దించవచ్చు. నొప్పి తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికే.

శాకాహారులైతే ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, నెయ్యి. చివర్లో నెల్లూరు మలై కాజా సగం ముక్క. మొత్తం పెడితే తీపి ఎక్కువై సగం వదిలేస్తారు.

"చాలు" అన్నా మనం వడ్డిస్తూనే ఉంటాం. వాళ్లకు ఇబ్బందా?

ఇబ్బందే. కొన్ని దేశాల్లో పళ్లెంలో పెట్టింది వదలడం అమర్యాద, కాబట్టి మీరు వేసిందల్లా కష్టపడి తినేస్తారు, ఆకలి తీరలేదనుకుని మీరు మళ్లీ వేస్తారు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలండి" అనడం నేర్పండి. ఆ చెయ్యి కనపడితే గరిటె వెనక్కి తీయమని మీ అత్తగారికి, పిన్నిగారికి ముందే చెప్పండి. రెండో పని మొదటిదానికంటే కష్టం.

మా ఇంటి విద్యార్థి ముహర్రానికి ముందే వెళ్లిపోతే?

సంక్రాంతి చేయించండి, కాకపోతే కూర్చోబెట్టి కాదు. ముగ్గు పెట్టించండి, పేడతో గొబ్బెమ్మలు చేయించండి, చేతికి తొడుగు ఇవ్వకండి, అడిగితే తప్ప. సంక్రాంతి రోజుల్లో నెల్లూరు పెన్నా ఒడ్డున గొబ్బెమ్మల నిమజ్జనం, ఏటి పండుగ ఉంటాయి. ప్రకాశం వైపైతే ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు. జంతువుల విషయంలో సున్నితంగా ఉండే పిల్లలకు అది ఎలా ఉంటుందో ముందే చెప్పి తీసుకెళ్లండి. దసరాకు ఒంగోలు కళారాల (దేవతల పెద్ద ముఖరూపాల) ఊరేగింపు రాత్రిపూట జరుగుతుంది, తిరిగి రావడానికి బండి ముందే మాట్లాడుకోవాలి.

మర్నాడు ఏమైనా చూసుకోవాలా?

బడి ఉంటే పంపకండి, నిద్రపోనివ్వండి. మెడ, చెవులు, పాదాల పైభాగం ఎండకు కమిలాయేమో చూడండి. తల కప్పుకున్నా పాదాలు మర్చిపోతారు. రెండు మూడు రోజులు విరేచనాల మీద కన్నుంచండి. నాలుగు వారాల లోపు చలితో జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి చెరువులో దిగిన సంగతి మొదటే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగితే మామూలు జ్వరం మందులతో రెండు రోజులు పోతాయి.